మీ ఇష్టాన్ని కారు ఎక్కడ రాసుకుంటుంది?

మా ఇంట్లో కారు ఒకటే, నడిపేవాళ్లం ఇద్దరం. నేను ఆరడుగులకు అంగుళం తక్కువ, నా భార్య అయిదడుగుల రెండంగుళాలు. నాలుగేళ్లు వేరొకరు వాడిన ఆ కారును చెన్నైలో కొన్నప్పుడు మా ఇద్దరికీ బాగా నచ్చిన సౌకర్యం ఒకటుంది. ఎవరి తాళంచెవితో తలుపు తీస్తే సీటు వారి కొలతకు జరుగుతుంది, పక్క అద్దాలు వారి చూపుకు తిరుగుతాయి, ఏసీ వారు కోరుకునే చల్లదనానికి వస్తుంది. వీటన్నిటికన్నా ముఖ్యమైనది తలుపుల సంగతి. నా భార్య పాత మహాబలిపురం రోడ్డులోని ఆఫీసు నుంచి రాత్రి పొద్దుపోయాక ఒంటరిగా బయలుదేరుతుంది. తన రిమోట్ నొక్కితే డ్రైవరు తలుపు ఒక్కటే తెరుచుకోవాలి, మిగతా మూడూ మూసే ఉండాలి అని పెట్టుకుంది. నా వెంట పిల్లలు, సామాను ఉంటాయి కనుక నాలుగూ ఒకేసారి తెరుచుకునేలా నేను పెట్టుకున్నాను.

నిరుడు తన తాళంచెవి పోయింది. ఒక దుకాణంలో కొత్తది చేయించాం. మర్నాడు పొద్దున నా చెవితో తలుపు తీసి కూర్చోగానే సీటు ముందుకు కదిలి నా మోకాళ్లను స్టీరింగుకు ఆనించింది. ఆ రాత్రి ఆఫీసు పార్కింగులో నా భార్య రిమోట్ నొక్కితే నాలుగు తలుపుల గడియలూ ఒక్కసారిగా టక్కుమన్నాయి. మోకాళ్ల సంగతి సర్దుకోవచ్చు. రెండోదాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

అంబత్తూరులో మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నారు. అప్పటి నెల్లూరు జిల్లా నాయుడుపేట నుంచి పాతికేళ్ల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను ఆయన్ను అన్నా అనే పిలుస్తాను. కారు తీసుకెళ్లి, "అన్నా, స్కాన్ టూల్ పెట్టి సెట్టింగులు మార్చేయండి" అన్నాను. కారుకు తగిలించి, దానిలోని కంప్యూటర్లతో మాట్లాడే పరికరం అది.

"మార్చడం సంగతి తరువాత చూద్దాం తమ్ముడూ. ముందు ఏది ఎక్కడ రాసి ఉందో చూడాలి" అన్నారాయన. ఆ తరువాత రెండు శనివారాలు ఆయన పక్కన కూర్చుని చూసినదీ, దాని వెంట చదివి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. కారులో "కోడింగ్ చేయించడం", అంటే ఇలా పరికరంతో సెట్టింగులు మార్పించడం గురించి మనలో చాలామందికి ఉన్న చిక్కులు ఆ ఒక్క మాట చుట్టూనే ఉన్నాయి: ఏది, ఎక్కడ రాసి ఉంది?

తాళంచెవిలో సీటు కొలత ఉండదు

స్కాన్ టూల్ అనగానే అది కారులోకి ఏదో కొత్తగా ఎక్కిస్తుందని అనుకుంటాం. ఇలాంటి సెట్టింగుల విషయంలో అది చేసేది అర్జీ తీసుకుపోవడం మాత్రమే. కారులోని ఒక చిన్న కంప్యూటరును అడుగుతుంది, అది ఒప్పుకుంటే తన జ్ఞాపకంలో ఒక అంకెను మార్చుకుంటుంది, ఒప్పుకోకపోతే మార్చుకోదు. నిర్ణయం ఎప్పుడూ కారులోని కంప్యూటరుదే.

ఆ కంప్యూటర్లు ఒకటీ రెండూ కావు. ఇంజనుకు ఒకటి, బ్రేకులకు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి, కదిలే సీటుకు ఒకటి, కొన్ని కార్లలో ఒక్కో తలుపుకూ ఒక్కొక్కటి. వీటిని మాడ్యూళ్లు అంటారు. తాళాలు, దీపాలు, వైపర్లు, అద్దాల వంటివాటిని చూసుకునేది బాడీ కంట్రోల్ మాడ్యూల్. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి క్యాన్. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1983లో దాని మీద పని మొదలుపెట్టి, 1986 ఫిబ్రవరిలో అమెరికాలోని డెట్రాయిట్‌లో జరిగిన ఇంజనీర్ల సభలో లోకానికి చూపించింది. అంతకుముందు ఒక్కో స్విచ్చు నుంచి ఒక్కో పరికరానికి విడివిడిగా తీగ లాగేవారు. ఇప్పుడు పెనవేసిన రెండు తీగల మీదే అందరూ మాట్లాడతారు, ఒకరు చెప్పింది అందరికీ వినబడుతుంది, ఎవరికి సంబంధించింది వారు తీసుకుంటారు. రచ్చబండ దగ్గర మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు నా భార్య రిమోట్ నొక్కినప్పుడు జరిగేది చూడండి. రిమోట్ నుంచి రేడియో సంకేతం వెళుతుంది. మన దగ్గర సాధారణంగా అది 433 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అందులో ఆ రిమోట్ గుర్తింపు సంఖ్యతో పాటు, నొక్కిన ప్రతిసారీ మారిపోయే ఒక రహస్య సంఖ్య కూడా ఉంటుంది. బాడీ మాడ్యూల్ దాన్ని సరిచూసి, "ఇది నాకు తెలిసిన రిమోట్లలో రెండోది" అని గుర్తిస్తుంది. వెంటనే క్యాన్ తీగల మీద ఒక మాట వేస్తుంది: రెండో డ్రైవరు వచ్చారు. అంతే. సీటు మాడ్యూల్ ఆ మాట విని తన దగ్గరున్న రెండో డ్రైవరు కొలత తీసి మోటార్లను కదుపుతుంది. ఏసీ మాడ్యూల్ తన దగ్గరున్న రెండో డ్రైవరు ఉష్ణోగ్రత తీస్తుంది. ఎన్ని తలుపులు తెరవాలన్నది బాడీ మాడ్యూల్ తన సొంత పట్టికలోనే చూసుకుంటుంది.

అంటే మనం ఒక్క మాటగా చెప్పుకునే "నా సెట్టింగులు" ఒకచోట ఉండవు. నాలుగైదు మాడ్యూళ్లలో చెల్లాచెదురుగా ఉంటాయి. వాటన్నిటినీ కలిపే దారం ఆ ఒకటి, రెండు అనే అంకె మాత్రమే. చాలా కార్లలో తాళంచెవిలో సీటు కొలత ఉండదు, ఏసీ చల్లదనం ఉండదు. తాను ఎవరో చెప్పే గుర్తింపు మాత్రమే ఉంటుంది. ఆ గుర్తింపుకు ఒకటి అని పేరు పెట్టాలా, రెండు అని పెట్టాలా అన్నది కారు ఇష్టం. కారు ఆ పేరు ఎలా పెడుతుంది? చాలా కార్లలో, నేర్పిన వరుసలో, అంటే చెవులను కారుకు పరిచయం చేసిన వరుసలో. ముందు చూపించిన చెవి ఒకటి, తరువాత చూపించినది రెండు.

మా ఇంట్లో జరిగిన తికమకకు మూలం అక్కడ దొరికింది. కొత్త చెవి నేర్పేటప్పుడు చాలా కార్లు పాత జాబితాను పూర్తిగా తుడిచేస్తాయి. పోయిన చెవి ఎవరికైనా దొరికినా అది పనిచేయకూడదు కనుక అది మంచి ఏర్పాటే. ఆ తరువాత ఇంట్లో ఉన్న చెవులన్నిటినీ మళ్లీ వరుసగా చూపించాలి. దుకాణంలో చేతికి ముందుగా అందిన కొత్త చెవిని చూపించారు. అలా నా భార్య చెవి ఒకటో నంబరు అయింది, నాది రెండో నంబరు అయింది. సీటు మాడ్యూల్‌కు ఈ సంగతేమీ తెలియదు. దాని దృష్టిలో ఒకటో డ్రైవరు అంటే ఇప్పటికీ పొడుగు మనిషే.

ఇంత చిన్న వరుస తప్పితే ఒక ఆడమనిషి రాత్రి పూట పెట్టుకున్న రక్షణ చెదిరిపోయింది. తాళంచెవి చేయించే ప్రతి చోటా "మీలో ఒకటో చెవి ఎవరిది?" అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఈ ఇబ్బంది ఎవరికీ రాదు. చెవి చేయించుకునేటప్పుడు ఆ ప్రశ్న మీరే లేవనెత్తండి.

వ్యాకరణం ఒకటే, నిఘంటువులు వేరు

స్టీరింగు కింద, డ్రైవరు మోకాళ్ల పైన 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. స్కాన్ టూల్ తగిలించేది దానికే. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి దీన్ని తప్పనిసరి చేశారు. మన దేశంలో 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 4 కాలుష్య నిబంధనలతో దీని మొదటి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ వచ్చాయి. అందులో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు వస్తుంది, 4, 5 పిన్నులు ఎర్తు, 6, 14 పిన్నులు క్యాన్ తీగలు.

దీని పుట్టుక తెలిస్తే ఒక పెద్ద సందేహం తీరుతుంది. ప్రభుత్వాలు ఈ సాకెట్ పెట్టించింది పొగ కోసం. ఇంజను మితిమీరి కాలుష్యం వదులుతుంటే దీపం వెలగాలి, ఏ మెకానిక్ అయినా దానికి కారణం చదవగలగాలి. కనుక చట్టం అందరికీ ఒకేలా ఉండాలని పట్టుబట్టింది ఇంజను, పొగకు సంబంధించిన సమాచారం వరకే. కొన్ని వందల రూపాయలకు దొరికే బ్లూటూత్ పరికరాన్ని తగిలించి ఫోనులో ఇంజను వేడి, నిమిషానికి తిరిగే చుట్లు చూడగలుగుతున్నామంటే కారణం అదే. తలుపులు ఎలా తెరుచుకోవాలి, కారు దిగాక హెడ్‌లైట్లు ఎన్ని సెకన్లు వెలగాలి, ఇండికేటరును ఒకసారి తాకితే మూడుసార్లు మినుకుమనాలా అయిదుసార్లా అన్నవి ఆ చట్టం పరిధిలో లేవు. అవి కంపెనీల సొంత వ్యవహారం.

ఈ సొంత వ్యవహారానికీ ఒక ఉమ్మడి పద్ధతి ఉంది. దాని పేరు యూడీఎస్. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దాన్ని 14229 నంబరు కింద ప్రచురించింది. ఎలా అడగాలి, ఎలా జవాబివ్వాలి, ఎలా కాదనాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. తలుపుల సెట్టింగు ఏ నంబరు కింద ఉంటుంది, అందులో ఏ అంకెకు ఏ అర్థం అన్నది మాత్రం అందులో లేదు. అంటే వ్యాకరణం అందరికీ ఒకటే, నిఘంటువు ఏ కంపెనీది ఆ కంపెనీదే. ఖరీదైన స్కాన్ టూల్‌కూ చవకదానికీ ఉన్న తేడా చాలావరకు ఆ నిఘంటువే. టొయోటా సొంత టూల్ అయిన టెక్‌స్ట్రీమ్‌లో ఇష్టాల సెట్టింగులకు ప్రత్యేకంగా ఒక పేజీ ఉంటుంది. ఫోక్స్‌వాగన్ కుటుంబం కార్లకు వీసీడీఎస్, బీఎండబ్ల్యూకు బిమ్మర్‌కోడ్, ఫోర్డ్‌కు ఫోర్‌స్కాన్ వంటివి ఆయా నిఘంటువులను సంపాదించి పెట్టుకున్నవి. ఫోర్డ్ కార్లు చాలావాటిలో తలుపులు, దీపాల వంటి వ్యవహారాలు 6, 14 పిన్నుల మీద కాకుండా 3, 11 పిన్నుల మీద ఇంకాస్త నెమ్మదిగా నడిచే రెండో క్యాన్ మీద ఉంటాయి. ఆ పిన్నులకు మారలేని పరికరం కొంటే ఇంజను కనిపిస్తుంది, తలుపులు కనిపించవు. మరైమలై నగర్‌లో తయారైన ఆ కార్లు చెన్నై రోడ్ల మీద ఇప్పటికీ ఎన్నో తిరుగుతున్నాయి. 2021 సెప్టెంబరులో ఆ కంపెనీ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించాక, వాటి యజమానుల్లో ఇలాంటి పరికరాల మీద ఆసక్తి పెరగడం నేను దగ్గరగా చూశాను.

ఇక సంభాషణ ఎలా సాగుతుందో చూద్దాం. అన్న తన ల్యాప్‌టాప్‌లో కింద ఒక చిన్న కిటికీ తెరిచి పెట్టుకుంటారు. టూల్‌కూ మాడ్యూల్‌కూ మధ్య నడిచే అంకెలు అందులో కనిపిస్తాయి. మామూలుగా ఎవరూ చూడరు దాన్ని. నాకు మాత్రం అసలు విషయమంతా అక్కడే అర్థమైంది.

ముందుగా టూల్ 10 అనే పిలుపుతో పలకరిస్తుంది: నేను మామూలుగా చూసిపోవడానికి రాలేదు, పని ఉంది. మాడ్యూల్ ఒప్పుకుంటే 50 అంటుంది. అడిగిన అంకెకు 40 కలిపి పలికితే సరే అని అర్థం. ఈ పద్ధతి అంతటా ఇదే. తరువాత 22 అంటే ఫలానా నంబరు కింద ఏముందో చదివి చెప్పు అని. జవాబు 62తో మొదలవుతుంది. ఒక్కో మామూలు క్యాన్ సందేశంలో 8 బైట్లే, అంటే ఇలాంటి అంకెలు ఎనిమిదే పడతాయి కనుక పెద్ద జవాబులు ముక్కలై వస్తాయి. 17 అక్షరాల చాసిస్ నంబరు అడిగితే మూడు సందేశాలుగా వస్తుంది.

సెట్టింగు బైటు కూడా అలాగే వస్తుంది. ఉదాహరణకు 21 అని వచ్చిందనుకోండి. అది మనం వాడే పది మీద కాక, పదహారు మీద ఆధారపడ్డ లెక్క. ఇక్కడి అంకెలన్నీ అలాంటివే, తొమ్మిది దాటాక ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలే అంకెలు. ఒకట్లు, సున్నాలుగా విడదీస్తే 00100001. అంటే వరుసగా ఎనిమిది స్విచ్చులు, వాటిలో రెండు వేసి ఉన్నాయి. కుడి నుంచి మూడో స్విచ్చు "ముందు డ్రైవరు తలుపు మాత్రమే" అన్నదైతే, దాన్ని వేయగానే 00100101 అవుతుంది, అంటే 25. మనం ఇంత హడావిడి చేసే మార్పు మాడ్యూల్ లోపల 21 అన్నది 25 కావడం. ఆ స్విచ్చు పక్కనున్న మిగతా ఏడూ వేరే పనులవి. కుడి నుంచి మూడోది అనుకుని నాలుగోదాన్ని వేస్తే, తలుపులు అలాగే ఉండి ఇంకెక్కడో ఏదో మారుతుంది. ఏది మారిందో తెలియడానికి వారాలు పడుతుంది.

రాయడానికి ముందు చాలా మాడ్యూళ్లు 27 దగ్గర ఆపుతాయి. అది కాపలా. మాడ్యూల్ ఒక సంఖ్యను ఇస్తుంది, దానికి తగిన జవాబు సంఖ్యను లెక్కగట్టి టూల్ ఇవ్వాలి. లెక్క తెలిసినవారికే ద్వారం తెరుచుకుంటుంది. తరువాత 2ఈ అనే పిలుపుతో రాత. చివరికి 11, అంటే ఒకసారి నిద్రపోయి లే అని. ఈ మధ్యలో టూల్ మౌనంగా ఉండకూడదు. అయిదు సెకన్ల పాటు ఏ పలకరింపూ లేకపోతే మాడ్యూల్ తలుపు వేసుకుని మామూలు స్థితికి వెళ్లిపోతుంది. అందుకే టూల్ మధ్యమధ్యలో 3ఈ అంటూ "ఇక్కడే ఉన్నాను" అని చెబుతూ ఉంటుంది. చవక పరికరాల్లో బ్లూటూత్ తెగినప్పుడు పని సగంలో ఆగిపోవడానికి ఒక కారణం ఇదే.

మాడ్యూల్ కాదన్నప్పుడు 7ఎఫ్ అంటుంది, వెంట కారణం కూడా చెబుతుంది. 33 అంటే కాపలా దాటకుండా వచ్చావు. 35 అంటే ఇచ్చిన జవాబు తప్పు. 36 అంటే చాలాసార్లు తప్పు చెప్పావు. 31 అంటే అలాంటి నంబరు నా దగ్గర లేదు. కారణంగా వచ్చే 22 మాత్రం చదవమనే పిలుపు కాదు, ఇప్పుడు సమయం కాదని అర్థం. కారు కదులుతూ ఉండటం, ఇగ్నిషన్ వేయకపోవడం వంటివి దానికి కారణాలు. 78 అంటే కాదనడం కూడా కాదు, కాసేపు ఆగమనడం. "టూల్ పనిచేయడం లేదు" అంటూ తీగ పీకి మళ్లీ పెట్టేవారిని చాలామందిని చూశాను. మాడ్యూల్ ఎంతో మర్యాదగా కారణం చెప్పి కాదంది. ఆ కారణం చదివితే సగం పని అయినట్టే.

ఇష్టం వేరు, నిజం వేరు

ఈ వ్యవహారమంతటిలో నేను అందరికీ చెప్పాలనుకునేది ఇక్కడుంది. మాడ్యూళ్లలో రాసి ఉండేవన్నీ ఒక జాతివి కావు. కొన్ని మన ఇష్టాలు: దిగాక దీపం 30 సెకన్లు వెలగాలి, కారు కదలగానే తలుపులు గడియ పడాలి, తాళం వేస్తే అద్దాలు ముడుచుకోవాలి. ఇవి ఎటు మార్చినా కారు అబద్ధం చెప్పినట్టు కాదు. వీటిలో చాలావరకు తెర మీద మెనూలోనే ఉంటాయి. మెనూలో లేనివాటిలో కొన్ని షోరూం టూల్‌లో దొరుకుతాయి. షోరూంలో అడిగితే చాలాచోట్ల చేసిపెడతారు, మనం అడగం అంతే.

మరికొన్ని కారు గురించిన వాస్తవాలు: ఈ కారుకు వెనక కెమెరా ఉంది, వర్షం పసిగట్టే సెన్సర్ లేదు, హెడ్‌లైట్లు మామూలు బల్బులవి, టైరు ఇంత చుట్టుకొలతది, స్టీరింగు కుడివైపు ఉంది. ఫోర్డ్‌లో వీటిని ఫ్యాక్టరీలో రాసిన అంకెల దొంతరగా ఉంచుతారు. ఒక్కో వరుస చివర సరిచూసుకోవడానికి ఒక తనిఖీ అంకె కూడా ఉంటుంది. ఫోక్స్‌వాగన్‌లో పొడవాటి కోడింగ్ వరుస ఉంటుంది. ఒకే ఫ్యాక్టరీ నుంచి చవక రకం, ఖరీదైన రకం రెండూ ఒకే మాడ్యూల్‌తో వస్తాయి. ఏ కారు ఏ రకమో మాడ్యూల్‌కు చెప్పేది ఈ వాస్తవాల పట్టికే.

"ఖరీదైన రకంలోని ఆప్షన్లు మీ కారులో దాగి ఉన్నాయి, తెరుస్తాం" అనే మాటలోని కిటుకు ఇక్కడే ఉంది. కొన్నిసార్లు అది నిజమే. అద్దాలు ముడిచే మోటారు ఉండి, తాళంతో ముడిచే అలవాటు మాత్రం చవక రకంలో ఆపేసి ఉంటే, అంకె మార్చగానే పనిచేస్తుంది. మోటారే లేకపోతే మాత్రం మనం పట్టికలో అబద్ధం రాసినట్టు. మాడ్యూల్ లేని మోటారు కోసం వెతికి, దొరక్క, లోపం దీపం వెలిగిస్తుంది. ఆ అబద్ధాన్ని మిగతా మాడ్యూళ్లు కూడా చదువుతాయి. ఒకచోట రాసిన టైరు కొలతను స్పీడు మీటరు, బ్రేకులు కూడా వాడుకోవచ్చు. ఇష్టాల పట్టికలో పొరపాటు చిరాకు తెస్తుంది. వాస్తవాల పట్టికలో పొరపాటు ప్రాణం మీదికి తేవచ్చు. చెట్టు పేరు చెప్పి కాయలమ్మినట్టు, ఈ రెండింటినీ "కోడింగ్" అనే ఒకే మాట కింద పెట్టి అమ్మడం నాకు ఏమాత్రం నచ్చదు.

పుదుపేట పాత విడిభాగాల బజారు చెన్నైలో తెలియనివారు ఉండరు. పాడైన బాడీ మాడ్యూల్‌కు బదులు అక్కడినుంచి వాడినది తెచ్చి పెట్టించేవారూ ఉన్నారు. కొత్తది ఎంత ఖరీదో తెలిసినవాడిగా వారిని నేను తప్పు పట్టను. అయితే ఆ మాడ్యూల్ తన పాత కారు వాస్తవాలన్నిటినీ వెంట తెచ్చుకుంటుంది: ఆ కారు చాసిస్ నంబరు, ఆ కారు సామగ్రి జాబితా, ఆ కారు తాళంచెవులు. మన పాత మాడ్యూల్ పూర్తిగా చచ్చిపోకముందే దానిలోని పట్టికను చదివి దాచుకుంటే, తెచ్చినదానిలో చాలావరకు తిరిగి రాయవచ్చు. చచ్చిపోయాక మొదలుపెడితే ఊహల మీద నడవాలి.

ఇష్టమూ, వాస్తవమూ కానిది ఇంకొకటి ఉంది. 2019 జులై 1 నుంచి మన దేశంలో అమ్మే కార్లలో వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటితే ఉండి ఉండి, 120 దాటితే ఆగకుండా హెచ్చరిక మోగాలి. సీటు బెల్టు గుర్తుచేసే శబ్దం కూడా అదే నిబంధనలో ఉంది. నెల్లూరు దారిలో ఆ 80 హెచ్చరిక విసుగు పుట్టిస్తుందని, దాన్ని తీసేయమని అన్న దగ్గరికి వచ్చేవారు ఎక్కువ. ఆయన తీయరు. కారుకు అనుమతి వచ్చింది ఆ హెచ్చరికతో కలిపి. అది యజమాని ఇష్టాల పట్టికలోది కాదు. ఆయన నిర్ణయంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

కాపలాలు ఎందుకు పెరుగుతున్నాయన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. నా కారులో నా ఇష్టం మార్చుకోవడానికి కంపెనీ అనుమతి ఎందుకన్న కోపం న్యాయమైనదే. రెండో వైపు కూడా చూడాలి. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు రోడ్డు మీద పోతున్న ఒక జీప్ చెరోకీని మైళ్ల దూరం నుంచి ఇంటర్నెట్ ద్వారా లొంగదీసుకుని చూపించారు. తయారీదారు 14 లక్షల వాహనాలను సరిచేయవలసి వచ్చింది. 2018 మోడల్ కార్ల నుంచి ఆ సంస్థ సాకెట్‌కూ లోపలి తీగలకూ మధ్య ఒక ద్వారపాలక మాడ్యూల్‌ను పెట్టడం మొదలుపెట్టింది. నమోదు చేసుకున్న టూల్ అయితేనే అది రాతకు ఒప్పుకుంటుంది. 2023లో లండన్‌లో ఒక టొయోటా రావ్4ను హెడ్‌లైటు దగ్గర క్యాన్ తీగలను అందుకుని దొంగిలించిన తీరు బయటపడింది. అందరి మాటా అందరికీ వినబడే రచ్చబండలో, దొంగ కూడా వచ్చి "నేనే తాళంచెవిని" అనగలడు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 155వది సైబర్ భద్రత గురించే. యూరప్‌లో 2022 జులై నుంచి కొత్త రకాల కార్లకూ, 2024 జులై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ అది వర్తిస్తోంది. కాపలా ఉండాలి, ఇష్టాల పట్టిక మాత్రం యజమానికి మెనూలోనే తెరిచి ఉంచాలి అన్నది నా అభిప్రాయం. సాంకేతికంగా ఆ రెండూ కలిసి ఉండటానికి అడ్డేమీ లేదు.

అంబత్తూరు షెడ్డులో

అన్న మా కారుకు చేసినది చెబుతాను, ఎందుకంటే వరుస ముఖ్యం. ముందు బ్యాటరీ చూశారు. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. మాది 12.1 చూపింది. ఇగ్నిషన్ వేసి టూల్ తగిలించి కూర్చుంటే అది ఇంకా పడిపోతుంది. అందుకని ఛార్జరు తగిలించారు. ఒక సెట్టింగు రాయడానికి సెకను కూడా పట్టదు, దానికి ఇంత జాగ్రత్త అక్కర్లేదనిపిస్తుంది. అదే మాడ్యూల్‌లోని సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మార్చాలంటే పదుల నిమిషాలు పడుతుంది, మధ్యలో కరెంటు పడిపోతే మాడ్యూల్ లేవకపోవచ్చు. ఏ పనికైనా ఒకే అలవాటు ఉంటే మంచిదని ఆయన పద్ధతి.

తరువాత అన్ని మాడ్యూళ్లనూ చదివి, ఏ లోపాలున్నాయో, ఏ పట్టికలో ఏ అంకెలున్నాయో ఫైలుగా దాచారు. ముఖ్యమైన నాలుగు వరుసలను నోటు పుస్తకంలో చేత్తో కూడా రాసుకున్నారు. ల్యాప్‌టాప్ పోవచ్చు, పుస్తకం ఉంటుంది. సీటు మాడ్యూల్‌తో మాటలు తెగుతున్నట్టు అక్కడ కనిపించింది. సీటు కింద కనెక్టరు విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము. 2015 డిసెంబరు వరదలూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానూ చూసిన నగరం ఇది. వాడిన కారులో సెట్టింగులు నిలవకపోతే ముందు టూల్‌ను కాదు, కాళ్ల దగ్గరి తివాచీ కింద తడిని అనుమానించాలని ఆయన అంటారు. బ్యాటరీ తీగ తీసి 6, 14 పిన్నుల మధ్య నిరోధం కొలిచారు. క్యాన్ తీగల రెండు చివరలా 120 ఓముల నిరోధాలు ఉంటాయి కనుక మధ్యలో కొలిస్తే 60 రావాలి. గేట్‌వే, అంటే ముందు చెప్పిన ద్వారపాలక మాడ్యూల్ అడ్డుగా ఉన్న కార్లలో ఈ లెక్క మారవచ్చు. మాకు 60 వచ్చింది, తీగలు బాగున్నాయి. కనెక్టరు శుభ్రం చేశారు.

సెట్టింగులు మార్చే అవసరమే రాలేదు. తాళంచెవుల జాబితాను తుడిచి, ఈసారి ముందు నా చెవి, తరువాత నా భార్య చెవి చూపించారు. పట్టికలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటిని కలిపే అంకె సరైంది. ఇగ్నిషన్ ఆపి, తలుపులు వేసి, "పది నిమిషాలు ముట్టుకోకు తమ్ముడూ" అన్నారు. చాలా మాడ్యూళ్లు కొత్త అంకెలను ముందు తాత్కాలిక జ్ఞాపకంలో ఉంచుకుని, కారు ఆపి నిద్రపోయే ముందు శాశ్వత జ్ఞాపకంలోకి రాసుకుంటాయి. ఆ లోగా బ్యాటరీ తీగ పీకితే చేసిందంతా పోవచ్చు. పది నిమిషాలు అయ్యాక నా భార్య తన రిమోట్ నొక్కింది. ఒక్క గడియ కదిలింది.

రెండో శనివారం ఇంకో పని కోసం వెళ్లాను. మాకు ముందు ఈ కారు వాడినవారి ఫోను పేరు, ఇంటి చిరునామా తెర జ్ఞాపకంలో ఇంకా ఉన్నాయి. కొత్త కార్లలో ఈ ఇష్టాల పట్టిక తాళంచెవిని దాటి ఫోను ఖాతాలోకి, కంపెనీ సర్వర్లలోకి పోతోంది. అంటే కారు అమ్మేటప్పుడు చెవులు ఇచ్చేస్తే సరిపోదు. తెరలోని ప్రొఫైళ్లు తుడవాలి, ఫోనులోని యాప్ నుంచి కారును తీసేయాలి. కొన్నవారైతే తమ దగ్గరున్న చెవులు తప్ప ఇంకేవీ జాబితాలో లేవని ఒకసారి చదివించి చూసుకోవాలి. ఎన్ని చెవులు నేర్చి ఉన్నాయో చాలా కార్లు టూల్ అడిగితే చెబుతాయి. మా కారు రెండు అని చెప్పింది.

డ్యాష్‌బోర్డు పెట్టెలో, రిజిస్ట్రేషన్ కాగితాల పక్కన ఇప్పుడు ఇంకో కాగితం ఉంది. చదివిన తేదీ, నాలుగు వరుసల అంకెలు, కింద అన్న చేతిరాతలో ఒక వాక్యం: ఒకటో చెవి ఆయనది, రెండో చెవి అమ్మాయిది.